చితి మాట బతికుండగానే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలంలో నాగావళి ఒడ్డున దహనం చేయాల్సి వస్తే ఆ ఇంటివాళ్లు పడే అవస్థ శ్రీకాకుళం వాళ్లకు తెలిసిందే. తడి కర్ర అంటుకోదు. కిరోసిన్ పోస్తారు, పాత టైర్లు వేస్తారు. కాలీకాలని కర్రలు, పోయినవారి పరుపు, బట్టలు చివరికి ఏట్లోకే చేరతాయి.

మామూలు చితికి 400 నుంచి 500 కిలోల కర్ర పడుతుంది. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానం తోటలు పోగొట్టుకున్న జిల్లా మనది, చెట్టు విలువ మనకెవరూ చెప్పక్కర్లేదు. ఎత్తయిన ఇనుప జాలీ మీద చితి పేర్చి పైన కప్పు, పొగగొట్టం పెడితే కింది నుంచి గాలి బాగా ఆడి 150 నుంచి 200 కిలోలే సరిపోతుంది. 1992లో ఢిల్లీలో మొదలైన మోక్షద సంస్థ చేస్తున్న పని ఇదే. తలకొరివి మామూలుగానే పెట్టొచ్చు, అస్థికలూ దొరుకుతాయి.

అయినా తండ్రి పోయిన రోజున కర్ర తగ్గించమని ఏ కొడుకు అనగలడు? ఖర్చుకు వెనకాడాడని ఊరు ఆడిపోసుకుంటుంది. ఆ మాట చెప్పాల్సింది పెద్దవాళ్లమే. నా ఈడు వాళ్లందరినీ వేడుకుంటున్నాను, కాగితం మీద రాసి పెట్టండి. పూడ్చే ఆచారం ఉన్నవాళ్లు వార్నిష్ పెట్టె, నైలాన్ బట్ట వద్దని, నూలు గుడ్డ చాలని రాయండి. నేత్రదానం చేయాలనుకుంటే ఇంట్లో ఇప్పుడే చెప్పండి, కళ్లు 6 గంటల్లోపు తీసుకోవాలి.

వెంటిలేటర్ సంగతీ అప్పుడే తేల్చుకోవడం మంచిది. కోలుకునే ఆశ లేదని వైద్యుల బోర్డులు తేల్చినప్పుడు యంత్రాల మీద ఉంచొద్దని ముందే రాసుకునే లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఒప్పుకుంది. 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు, మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే పని లేదు. ఈ సౌకర్యం ఉందని తెలియక ఎన్ని కుటుంబాలు ఐసీయూ బయట టెన్షన్‌తో, అప్పులతో నలిగిపోతున్నాయో!

ఆ విల్లు నకలు మున్సిపాలిటీకో పంచాయతీకో ఇస్తే, దాన్ని భద్రపరిచే అధికారిని వాళ్లు నియమించాలి. మన దగ్గర ఆ అధికారి ఎవరో నోటీసు బోర్డులో పెట్టాలని, వచ్చే వానల్లోగా నాగావళి, వంశధార ఒడ్డు శ్మశానాల్లో కప్పున్న జాలీ చితులు కట్టించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం