పాలకొల్లు తమ్ముడూ, నా కంప్యూటర్ మళ్ళ మాట్లాడుతున్నది

రాత్రంత నిద్ర లేదు, తలకాయ పని చేస్తలేదు, అయినా ఇప్పుడే రాయకపోతే కాలేజీ పనుల్ల పడి మర్చిపోతనని కూసున్న. అక్షరదోషాలుంటే ఏమనుకోకున్రి. ముందు అసలు సంగతి, నా కంప్యూటర్‌ల సౌండ్ వచ్చింది. వెనక స్పీకర్లకెళ్ళి, రెండు దిక్కుల, మంచిగ. ఇది టైపు చేస్తున్నది గూడ దాని మీదనే, ఒక్కొక్క అక్షరం కొడుతుంటే అది పలుకుతున్నది, నేను వింటున్న.

నా గురించి తెలియనోళ్ళకు ఒక ముక్క. నాకు చూపు లేదు. హన్మకొండల ఇంటర్ పిల్లలకు హిస్టరీ చెప్త. నోట్సులు, క్వశ్చన్ పేపర్లు, మార్కులు అన్నీ డెస్క్‌టాప్ మీదనే, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే సిస్టమ్, మాటే ఎడిషన్. ఓర్కా అనే స్క్రీన్ రీడర్ అన్నీ చదివి వినిపిస్తది. సౌండ్ పోతే మీకు పాటలు రావు, మీమ్ వీడియోలు రావు, అంతే కద. నాకు మొత్తం కంప్యూటరే పోతది. ఫైల్ తెరుచుకున్నదా, పాస్‌వర్డ్ తీసుకున్నదా, అసలు ఆన్ అయిందా లేదా గూడ ఫ్యాన్ సప్పుడు విని అనుకోవాలె.

అయింది ఏందంటే మింట్ 21 నుంచి 22కు అప్‌గ్రేడ్ అయిన. అదే టైముకు మా అన్న కొడుకు పాత వీజీఏ మానిటర్ తీసేసి కొత్తది హెచ్‌డీఎంఐ కేబుల్‌తోని పెట్టిండు, వాని గేముల కోసం, నాకు మానిటర్‌తోని ఏం పని. తెల్లారి ఆన్ చేస్తే సప్పుడు లేదు. వెనక పిన్ను పీకి పెట్టిన, రీస్టార్ట్ చేసిన, స్పీకర్లు వదిన ఫోన్‌కు పెడితే మంచిగనే పాడుతున్నయి. సీపీయూను ఆటోల ఏసుకొని షాపులకు పోయినం. ఒక కాడ "డిస్‌ప్లే వస్తున్నది కద మేడమ్, సిస్టమ్ మంచిగనే ఉన్నది" అన్నరు. ఇంకో కాడ సౌండ్ చిప్ కాలిపోయింది బోర్డు మార్చాలె అన్నరు, మూత గూడ ఇప్పకుండనే ఎట్ల తెలిసిందో వాళ్ళకు. మూడో ఆయన ఈ లినక్స్ గినక్స్ తీసేసి విండోస్ ఎక్కిస్త అన్నడు. ఇగ ఇంటికి తెచ్చుకున్నం.

తర్వాత తెలిసినోళ్ళ లినక్స్ గ్రూపుల వాయిస్ మెసేజ్ పెట్టిన. జవాబులు మస్తు వచ్చినయి, అబద్ధమెందుకు. స్క్రీన్‌షాట్ పెట్టమన్నరు. పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగుల ప్రోగ్రాం తెరిచి కాన్ఫిగరేషన్ ట్యాబ్‌ల ఏముందో చూడమన్నరు. రిమోట్ ఐడీ ఇయ్యి, మా కాడికెళ్ళే నీ కంప్యూటర్‌ల దూరి రెండు నిమిషాల్ల మేమే చేస్తం అన్నరు. అందరు మంచిగనే చెప్పిన్రు, కని అవన్నీ కళ్ళతోని చేసే పనులు.

అప్పుడు ఒక పిల్లగాడు, నాకు ముక్కూ మొగం తెల్వదు, సొంతూరు పాలకొల్లు దిక్కు, పుణెల ఉద్యోగమట, పేరు పెట్టొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు, ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "మేడమ్‌గారూ, ఇంట్లో యూఎస్‌బీ హెడ్‌సెట్ ఏదన్నా ఉందాండి? పిల్లల ఆన్‌లైన్ క్లాసులప్పటిదైనా పర్లేదు."

ఉన్నది. అటుక మీద డబ్బల ఉన్నది. యూఎస్‌బీ హెడ్‌సెట్‌ల సౌండ్ కార్డు దానిల్నే ఉంటదట, బోర్డు మీద ఉన్న చిప్ పోయినా ఉన్నా దానికి సంబంధం లేదట. షాపుల ఒక్కడు గూడ ఈ మాట చెప్పలే. పెట్టిన, రాలే. ఆల్ట్ ఎఫ్ 2 కొట్టి, ఓర్కా, స్పేస్, హైఫన్ హైఫన్, రీప్లేస్ అని టైపు చేసి ఎంటర్ కొట్టమన్నడు. స్పెల్లింగ్ గూడ అక్షరం అక్షరం చెప్పిండు, తొందరపెట్టకుండ. కొట్టిన. ఒక్క క్షణం ఏం లేదు. తర్వాత చెవుల్ల "స్క్రీన్ రీడర్ ఆన్" అన్నది.

ఏడ్చిన. దాస్తే ఏమొస్తది, ఫోన్ లైన్‌ల ఉండంగనే ఏడ్చిన. ఆ పిల్లగాడు ఏం మాట్లాడలే, ఊకున్నడు, కొంచెం సేపయినంక "మంచినీళ్ళు తాగి రండి, నేను లైన్లోనే ఉంటా" అన్నడు.

నేను అనుకున్న, ఇగ రిమోట్ ఐడీ అడుగుతడు, పని చేసి పెట్టి పోతడు అని. అడిగిన గూడ, ఇయ్యమంటవా అని. "వద్దక్కా, నేనొచ్చి చేసేస్తే రేపు మళ్ళీ పోయినప్పుడు మళ్ళీ ఎవర్నో వెతుక్కోవాలి. దానికి గొంతొచ్చింది కదా, మిగతాది మీరే చేస్తారు." మేడమ్‌గారు పోయి అక్క అయింది ఆ మాట కాడనే.

ఇగ అప్పటి నుంచి వరుసగ చెప్తడు, నేను కొడుత. డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ అని, సౌండ్ సంగతులు చూపే కమాండ్ అందరు చెప్తరు కద, నేను అదే కొట్టబోతే ఆపిండు. "అది వద్దక్కా, అది గీతలు గీసి చెట్టులాగా చూపిస్తది, ఓర్కాతో వింటే తల తిరుగుద్ది. పీఏసీటీఎల్, లిస్ట్, షార్ట్, సింక్స్ అని కొట్టండి, సౌండ్ పోయే దారులన్నీ లైనుకొకటి చెప్తది." నిజంగనే లైనుకొకటి చెప్పింది. ఆల్సామిక్సర్ అనే వాల్యూమ్ ప్రోగ్రాం గూడ వద్దన్నడు, దాంట్ల అన్నీ నిలువు కడ్డీలు, ఏది మ్యూట్ అయిందో చూస్తెనే తెలుస్తది, దాని బదులు ఏమిక్సర్ కమాండ్ వాడాలె అని. నీకెట్ల తెలుసు తమ్మీ, మీ ఇంట్ల ఎవరన్న చూపులేనోళ్ళు ఉన్నరా అని అడిగిన. లేరట. నా వాయిస్ మెసేజ్ విన్నంక వాళ్ళ కంప్యూటర్‌ల ఓర్కా ఆన్ చేసి, మానిటర్ స్విచ్ ఆపేసి, మౌస్ పీకి పక్కన పెట్టి, ఏ కమాండ్ ఎట్ల వినపడుతదో కూసొని ఒక్కొక్కటి విన్నడట, నాకు ఫోన్ చేసే ముందే. ఆఫీసు నుంచి వచ్చి, తినకుండ.

నాకు ఇప్పటి దాంక సాయం చేసినోళ్ళు లేక కాదు. చేయి పట్టుకొని రోడ్డు దాటిచ్చినోళ్ళు ఉన్నరు, ఫారాలు నింపి పెట్టినోళ్ళు ఉన్నరు. కని నేను వినేది ఎట్లుంటదో తెల్సుకోవాల్నని సొంత మానిటర్ ఆపుకున్నోన్ని నేను ఎన్నడు చూడలే. అది విన్నంక మళ్ళ ఏడ్సిన, ఈసారి ఫోన్ పెట్టేసినంక.

పని సంగతి చెప్త, ఇంకెవరికన్న పనికొస్తది. నా దాంట్ల సౌండ్ కార్డులు రెండు. ఏప్లే హైఫన్ ఎల్ కొడితే చెప్తది, సున్నా నంబర్‌ది హెచ్‌డీఎంఐ, ఒకటో నంబర్‌ది బోర్డు మీద అసలు సౌండ్, మీ దాంట్ల వేరే ఉండొచ్చు. కొత్త మానిటర్ పెట్టినంక కంప్యూటర్ సౌండ్‌ను హెచ్‌డీఎంఐ మీదికెళ్ళి మానిటర్‌కు పంపుతున్నది. ఆ మానిటర్‌ల స్పీకర్లే లేవు! కంప్యూటర్ లెక్క ప్రకారం అంతా మంచిగనే ఉన్నది, సౌండ్ పోతనే ఉన్నది.

కని అనలాగ్ దిక్కు, అంటే బోర్డు మీది అసలు సౌండ్‌కు, పంపినా రాలే. పోర్టు ఏముందో, అంటే సౌండ్ ఏ కన్నంకెళ్ళి పోతున్నదో చూడమన్నడు, హెడ్‌ఫోన్స్ అని ఉన్నది. నేను పెట్టింది యూఎస్‌బీది కద, ఇంకో హెడ్‌ఫోన్ ఎక్కడిది? "అక్కా, సీపీయూ ముందు పక్క రెండు కన్నాలుంటాయి, మామూలు ఇయర్‌ఫోన్ పిన్ను ఒక్కోదాంట్లో పెట్టి చూడండి" అన్నడు. మైకు దాంట్ల టక్కున లోపలిదాంక పోయింది. పక్క దాంట్ల పోలే, కొస ఏదో గట్టిదానికి తగిలి ఆగింది, పిన్ను కొంత బయటనే ఉన్నది, వేలికి తెలుస్తున్నది. ఎవరిదో ఇయర్‌ఫోన్ పిన్ను కొస విరిగి లోపల ఉండిపోయింది. ఎవరిదో ఏంది, ఎవనిదో నాకు తెలుసు, వాడు ఒప్పుకుంటలేడు. ఆ ముక్క లోపల ఉన్నన్ని రోజులు కంప్యూటర్ హెడ్‌ఫోన్ పెట్టి ఉన్నదనే అనుకుంటది, అనుకొని వెనక స్పీకర్లను మ్యూట్ చేస్తది. దీన్నే ఆటో మ్యూట్ అంటరట. పాడైంది కాదు, అది దాని డ్యూటీ చేస్తున్నది.

పోర్టును లైన్ అవుట్‌కు, అంటే వెనక స్పీకర్ల కన్నంకు మార్చిచ్చిండు. తర్వాత ఏమిక్సర్, హైఫన్ సీ ఒకటి, ఎస్‌సెట్, సింగిల్ కోట్ల ఆటో హైఫన్ మ్యూట్ మోడ్, కోట్ మూసేసి, డిజేబుల్డ్. పెద్దక్షరం చిన్నక్షరం గూడ తేడా ఉండొద్దు, ఆయన "ఏ పెద్దది, ఎం పెద్దది, మళ్ళీ ఎం పెద్దది" అంటుంటే నాకు చిన్నప్పటి డిక్టేషన్ గుర్తొచ్చింది. డిఫాల్ట్ సింక్ మార్చుడు, అంటే సౌండ్ మామూలుగ ఎటు పోవాల్నో మార్చుడు, మాత్రం చివరాఖరికి పెట్టిండు. ఎందుకంటే ముందే మారిస్తే ఓర్కా గొంతు హెడ్‌సెట్ ఇడిచిపెట్టి మూగ స్పీకర్లకు పోతది, నేను మళ్ళ చీకట్ల పడుత. అది గూడ ముందే ఆలోచించిండు చూడున్రి.

అందుకే ముందు డీఫాల్ట్ ముట్టకుండ స్పీకర్ టెస్ట్ పెట్టిచ్చిండు, ఒకటో కార్డు మీద డైరెక్టుగ. ఎడమ దిక్కు స్పీకర్‌ల "ఫ్రంట్ లెఫ్ట్" అన్నది. కుడి దిక్కు "ఫ్రంట్ రైట్". అమ్మ వంటింట్లకెళ్ళి ఎవరొచ్చిన్రే అని అడిగింది. సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్ కొట్టి సెట్టింగ్ దాపిచ్చి, హెడ్‌సెట్ తీసేసి రీస్టార్ట్ చేపిచ్చిండు. లాగిన్ అయిన, ఓర్కా మాట్లాడింది, స్పీకర్లకెళ్ళి.

మా ఇంటోళ్ళ గురించి వేరే చెప్పాల్నా, అమ్మ, అన్న, వదిన ఎప్పటి లెక్కనే ఉన్నరు, వదిన రెండు రోజులు నా మార్కులు చదివి పెట్టింది.

ఒక్క మాట మాత్రం కడుపుల పెట్టుకోలేను. సౌండ్ పోతే చూపున్నోళ్ళకు ప్యానల్‌ల స్పీకర్ బొమ్మ కనపడుతది, దాని మీద నొక్కుకుంటరు. మాకు? లినక్స్‌ల సౌండ్ నడిపే ప్రోగ్రాములు ఒకదాని మీద ఒకటి, ఆల్సా మీద పల్స్‌ఆడియో పెట్టిన్రు, 2024ల మింట్ 22 వచ్చినప్పుడు పల్స్‌ఆడియో జాగాల పైప్‌వైర్ పెట్టిన్రు, పైప్‌వైర్‌కు వైర్‌ప్లంబర్ అని ఇంకో పెద్దమనిషి. మంచిదే, నేను కాదంటలేను. కని ఇన్ని అంతస్తుల్ల ఒక్కరన్న, స్క్రీన్ రీడర్ నడుస్తున్నది, సౌండ్ స్పీకర్లే లేని మానిటర్‌కు పోతున్నది, ఒకపారి అడుగుదాం అని అనుకోలే. ఇది లినక్స్ ఒక్కదాని గోస గూడ కాదు. నేను మార్కులు ఎక్కించాల్సిన పోర్టల్ ఉన్నది, లాగిన్‌ల బొమ్మ క్యాప్చా, ఆడియో బటన్ లేదు. ప్రతిసారి ఎవరినో ఒకరిని బతిమాలాలె, అంటే నా పాస్‌వర్డ్ పక్కోళ్ళ చేతుల పెట్టాలె. 2016 వికలాంగుల హక్కుల చట్టంల 42వ సెక్షన్ దీని గురించే ఉన్నది. 2025 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకునుడు గూడ ఆర్టికల్ 21 కింద హక్కే అని చెప్పింది. నేను క్లాసుల ఆర్టికల్ 21 గురించి చెప్పొచ్చి స్టాఫ్ రూముల క్యాప్చా చదివి పెట్టుమని అడుగుత. రెండుసార్లు మెయిల్ పెడితే "నోట్ చేసుకున్నం" అని వచ్చింది. సరే తియ్యి, ఈ రోజు దాని గురించి కాదు.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతవని తెలుసు. పైసలు అడగలే, ఇస్తనంటే కోపం చేసినవ్. పూతరేకులు నేనే పంపిద్దామనుకున్న, కని గోదావరి జిల్లాలోనికి పూతరేకులు పంపుడేంది, నవ్వుతరు. సకినాలు పంపుత. అడ్రస్ పెట్టు, ఈ ఒక్కటి కాదనకు.

అయ్యో, ఇంకొందరున్నరు. సీపీయూను ఒళ్ళె పెట్టుకున్నట్టు నడిపిన ఆటో అన్న, గుంతలొచ్చినప్పుడల్లా ముందే చెప్పిండు. హెడ్‌సెట్ దాచిపెట్టిన పక్కింటి చిన్నది, అవును అది మాది కాదు వాళ్ళది, మా అటుక మీద ఉన్నది, రేపు ఇచ్చేస్త. గ్రూపుల పావుకంట్రోల్ చెప్పిన అన్నలు, మీరు తప్పు చెప్పలే, నాకు పనికి రాలే అంతే. స్టాఫ్ రూముల క్యాప్చా చదివే ఎకనామిక్స్ సారు. ఓర్కాను ఏండ్ల తరబడి నిలబెట్టిన జోన్‌మేరీ డిగ్స్ గారు, ఆమెకు తెలుగు రాదు, అయినా పెడుతున్న. ఈస్పీక్‌ల, అంటే ఓర్కాకు గొంతిచ్చే ప్రోగ్రాంల, తెలుగు గొంతు పెట్టినోళ్ళు, అది కొంచెం రోబో లెక్క మాట్లాడుతది, పర్వాలేదు, ఇన్ని రోజులు అది లేక ఎంత గోస పడ్డనో నాకే తెలుసు. మిగిలినోళ్ళు గుర్తొస్తే కింద కలుపుత.

ఆ పిన్ను ముక్క మాత్రం ఇంకా జాక్‌లనే ఉన్నది. హన్మకొండల, కాజీపేటల దాన్ని తీసేటోళ్ళు ఎవరన్న తెలిస్తే చెప్పున్రి. బోర్డు మార్చాలె అనేటోళ్ళు కాకుండ.