నక్కలకు ఏ బోరు? రమణకు ఉత్తరం

వింజమూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. వెంటనే రాయాల్సింది. కొండాపురం దగ్గర ఒక రైతు తన చేలో ఎరువుకి గొర్రెల మంద పెట్టమంటే, మూడు రాత్రులు అక్కడే జీవాల పక్కన పడుకున్నా. పొద్దున ఇంటికొచ్చి, అమ్మ పెట్టిన సద్దన్నం తిని, నీ ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదివా. ఒక్క వారంలో నీ ఫారంలో ఏడు గొర్రెపిల్లలు పోయాయని, నాలుకలు కొరికేసి తోకలు తెగి పడున్నాయని రాశావే, నువ్విప్పుడున్న ఆస్ట్రేలియా విక్టోరియాలో నేను గడిపిన ఆరేళ్లూ కళ్ల ముందుకొచ్చాయి. ఆ జూలై చలి, తెల్లారేసరికి గడ్డంతా తెల్లగా పేరుకున్న మంచు, పోయిన పిల్ల చుట్టూ తిరుగుతా అరిచే తల్లి. ఆ అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది.

సరే, నువ్వడిగింది తుపాకి సంగతి, నక్కలకు ఏ బోరు, అంటే ఏ సైజు తూటా వేసే తుపాకి కొనాలని. షాపులో 22-250 అంటున్నారు, పక్క ఫారం ఆయన 243 అంటున్నాడు, ఫారంలో పాత 22 ఉంది కదా అది చాలదా అని నీ అనుమానం. నా మాట ముందే చెప్తున్నా, 223 తీసుకో. ఎందుకో చెప్తా, తీరిగ్గా చదువు.

ముందు ఆ పాత 22. నేను వెళ్లిన మొదటి ఏడాది నా చేతిలోనూ 22 లాంగ్ రైఫిలే ఉండేది. కుందేళ్లకు మంచిది. ఒక రాత్రి వాగు గట్టున నక్క కనిపించింది. లైటు వేస్తే కళ్లు రెండూ మెరిశాయి. ఎనభై, తొంభై మీటర్లుంటుంది. కాల్చా. తగిలిన చప్పుడు కూడా వినిపించింది, తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు. గిర్రున తిరిగి తుప్పల్లోకి పోయింది. గంటసేపు వెతికా, దొరకలేదు. మూడో రోజు మధ్యాహ్నం కుక్క కనిపెట్టింది. పడిపోయిన యూకలిప్టస్ మాను కింద ముడుచుకుని చచ్చి ఉంది. గుండు పొట్టలో దిగింది. నాకీ నాకీ అక్కడ బొచ్చంతా ఊడిపోయింది. కాళ్ల కింద మన్ను గోళ్లతో గీరుకుపోయి ఉంది. ఎంతసేపు బాధపడిందో రమణా. నేను ఆ మాను మీదే కూర్చుండిపోయా. పిల్లల్ని తినే జంతువే, అక్కడ దాన్ని చంపడానికి చట్టం ఒప్పుకుంటుంది కూడా. కానీ అలా చంపమని ఎవరూ చెప్పలేదు.

తప్పెక్కడ జరిగిందో తర్వాత లెక్కేసుకుంటే అర్థమైంది. ఆ గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. 50 మీటర్లకు గురి సరిచేసి పెట్టుకుంటే, 100 మీటర్లు చేరేసరికి దాదాపు 15 సెంటీమీటర్లు దిగిపోతుంది. నక్క బొచ్చు చూసి పెద్దదనుకుంటాం గానీ, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అరచేయంతే. చీకట్లో దూరం అంచనా కాస్త తప్పితే రొమ్ముకు తగలాల్సింది పొట్టకో కాలికో పోతుంది. అందుకే 22ను 50 మీటర్ల లోపే వాడు, అదీ నక్క కదలకుండా నిలబడితేనే.

17 హెచ్ఎమ్ఆర్ గురించి కూడా అడిగావు. 2002లో వచ్చిన బోరు అది. గుండు వేగంగా, తిన్నగా పోతుంది, కానీ బరువు 17 గ్రెయిన్లే, గ్రాము పైచిలుకు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే 100 మీటర్లలోనే పది సెంటీమీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది. మీ వైపు గాలి లేని రాత్రి ఎన్ని ఉంటాయి చెప్పు?

ఇక 223. మా బాబాయి కొడుకు మిలటరీలో మోసిన ఇన్సాస్ తుపాకి తూటా 5.56 ఎంఎం, దానికి ఇది తోబుట్టువు లాంటిది. రెండూ ఒకటే అనుకుని మాత్రం మిలటరీ తూటా పెట్టకు, ఒత్తిడిలో తేడా ఉంది. 55 గ్రెయిన్ల గుండు సెకనుకు దాదాపు 990 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 180 మీటర్లకు గురి సరిచేసి పెట్టుకో. 100 మీటర్ల దగ్గర మూడు, నాలుగు సెంటీమీటర్లు పైకి తగులుతుంది, అంతే. అంటే 200 మీటర్ల దాకా లెక్కలు లేకుండా రొమ్ముకు గురి పెట్టొచ్చు. నక్క నిలబడ్డ చోటే కూలిపోతుంది. వెనక్కి తన్నడం తక్కువ కాబట్టి కాల్చాక కూడా స్కోపులో, అంటే తుపాకి మీది దుర్భిణిలో, నక్క కనిపిస్తూనే ఉంటుంది, తగిలిందో లేదో నీ కంటితో చూసుకోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ధర కూడా తక్కువ. ధర తక్కువైతే ప్రాక్టీసు ఎక్కువ చేస్తావు.

22-250 చెడ్డదని కాదు. ఇంకా వేగం, 250 మీటర్లు దాటి కాల్చేవాళ్లకు బాగుంటుంది. చప్పుడెక్కువ, గొట్టం త్వరగా అరుగుతుంది. 243 నక్కకు ఎక్కువే, జింకలూ పందులూ ఉన్నచోట పనికొస్తుంది. ఏది కొన్నా చెవులకు మఫ్స్ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకు.

లైసెన్సు కాగితాలు చూసుకో. 22కి ఎ క్యాటగిరీ చాలు, 223కి బి కావాలి. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో జరిగిన కాల్పుల్లో 35 మంది చనిపోయాక ఆ దేశంలో తూటా తనంతట తానే ఎక్కే సెమీ ఆటోమేటిక్‌లు మామూలు జనానికి లేకుండా చేశారు, కాబట్టి ఒక్కో తూటాకూ చేత్తో బోల్ట్ లాగి కాల్చే రైఫిలే అడుగు. తుపాకి ఒకచోట, తూటాలు వేరేచోట, రెండిటికీ తాళం.

బోరు కంటే నాకు టెన్షన్ పెట్టేది ఇంకోటి ఉంది. మెరిసే కళ్లను చూసి కాల్చకు. గొర్రె కళ్లు మెరుస్తాయి, పక్కింటి కుక్క కళ్లూ మెరుస్తాయి. ఒళ్లంతా కనపడి, తోక కనపడి, అది నక్కేనని తేలాకే వేలు ట్రిగ్గర్ మీదికి పోవాలి. దాని వెనక మట్టికట్టో గట్టో ఉండాలి. మిట్ట మీద ఆకాశం ముందు నిలబడ్డ నక్క ఎంత దగ్గరున్నా వదిలెయ్. గుండు తప్పితే కిలోమీటర్లు పోతుంది, అవతల ఎవరి ఇల్లుందో మనకు తెలియదు.

ఇంకొక మాట, ఏడు పిల్లలూ నక్కే చంపిందని ఎలా తేల్చావు? అక్కడ పుట్టిన మొదటి మూడు రోజుల్లో పోయే పిల్లల్లో ఎక్కువ కాన్పు కష్టమై, చలికి, పాలు అందక, తల్లి వదిలేసి పోయేవే. నక్క తర్వాత వచ్చి తింటుంది. చచ్చిన పిల్లను తీసి గిట్టలు చూడు. అడుగున మెత్తటి పొర అరక్కుండా ఉంటే అది లేచి నడవనే లేదు. పొట్ట కోసి పాలున్నాయో లేదో చూడు. కొరికిన చోట చర్మం ఒలిస్తే లోపల నెత్తురు గడ్డకట్టి కమిలి ఉంటే, అప్పుడు బతికుండగానే నక్క పట్టిందని అర్థం. నాకిది ఒక ముసలి కాపరి చేత్తో పట్టుకుని చూపించాడు. ఆ ఏడాది మేం చూసిన పదకొండు పిల్లల్లో నాలుగే నక్కవి. మిగతావాటికి కావాల్సింది తుపాకి కాదు, కవల పిల్లల తల్లులకు గాలి తగలని చోటు, మంచి మేత.

ఇక్కడ మన నక్క వేరు, దాని కథ వేరు. అక్కడిది 1800ల మధ్యలో వేట సరదాకి ఇంగ్లీషువాళ్లు ఓడల్లో తెచ్చి వదిలిన ఎర్రనక్క, ఆ దేశపు చిన్న జంతువుల్ని తుడిచిపెడుతోంది. మనది ఈ నేలదే. 1972 చట్టం కింద నక్కకూ గుంటనక్కకూ రక్షణ ఉంది, ఉండాలి కూడా. గుంటనక్క రాత్రంతా చేలో ఎలుకల్ని ఏరుకు తింటుంది. కొండాపురంలో మొన్న రాత్రి చిల్లచెట్ల వెనక నక్కలు కూస్తుంటే, మా జొడిపి గొర్రెలన్నీ తలలెత్తి ఒకే వైపు చూశాయి. రెండు కుక్కలు లేచి మంద చుట్టూ తిరిగాయి. పిల్లలు వెదురుగంపల కింద ఉన్నాయి. నేను లైటు తిప్పి ఒక కేకేశా, అంతే.

నువ్వు కొనేముందు ఒక పని చెయ్. పిల్లలుండే పొలంలో కంచె దగ్గర్నుంచి వాగు దాకా, షెడ్డు నుంచి మిట్ట దాకా అడుగులేసి దూరాలు కొలువు. ఎక్కడ వెనక మట్టి ఉంది, ఎక్కడ రోడ్డుంది, ఎక్కడ ఇల్లుంది, అన్నీ ఒక కాగితం మీద గీసి పంపు. అది చూశాకే స్కోపు గురించి రాస్తా.

అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

నీ
శీనయ్య