మూడు వారాలైంది, అమ్మడూ

అమ్మడూ,

నువ్వు ఫోన్ చేసి మూడు వారాలైంది. నేనేం కంగారు పడటం లేదు, మీ అమ్మే పడుతోంది. ఆ మెట్రో స్టేషన్ ఫోటోలు పంపావు కదా, వాటి గురించి ఊరికే రాద్దామనిపించింది.

మీ న్యూయార్క్ 86వ వీధి స్టేషన్ గోడల మీద ఉన్న ఆ పెద్ద పెద్ద మొహాలు సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్, ఫోటోగ్రాఫర్ సిండీ షెర్మన్, చిత్రకారుడు అలెక్స్ కాట్జ్... దాదాపు అందరూ కళాకారులే. 2017లో పెట్టారట. వాటిని చేసిన చిత్రకారుడు చక్ క్లోజ్‌కి మనుషుల మొహాలు గుర్తుండని జబ్బు, మొహాన్ని చదునైన బొమ్మగా మారిస్తే మాత్రం బుర్రలో నిలిచేదట. అందుకే ఫోటో తీసి, దాని మీద గళ్ళు గీసి, ఒక్కో గడినీ పెద్ద కాన్వాసు మీదకి ఎక్కించేవాడు. 1969లో గ్లాస్ మొహాన్ని నలుపు తెలుపుల్లో, వెంట్రుకలతో సహా వేసినవాడు, అదే ఫోటోని తర్వాత వేలిముద్రలతో కూడా వేశాడు. ఒకే మొహం, ఎన్నిసార్లో! అంత ఓపిక ఉండాలి. నీకు ఉద్యోగం మీద కూడా ఉండాలి, సరే, ఆ సంగతి వదిలెయ్.

గళ్ళంటే సూరి మామయ్య గుర్తొచ్చాడు. గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసే రోజుల్లో, సెలవులకి వెళ్ళి సుద్దపొడి అద్దిన దారం రెండో కొస నేనే పట్టుకునేవాణ్ణి. ఒకసారి నేను ఒక గడి తప్పు లెక్కపెట్టాను, హీరోగారి కుడి కన్ను చెవి దగ్గరికి వెళ్ళిపోయింది. తెల్లారితే రిలీజు. మామయ్య రోడ్డు అవతలికి వెళ్ళి చూశాడు, తిట్టలేదు, టీ తాగాడు, వచ్చి ఆ కన్ను మీదకి ఇంత జుట్టు దించేశాడు. కొత్త క్రాపు బాగుందన్నారు జనం! అంత చెయ్యి ఉన్న మనిషి, ఫ్లెక్సీలు వచ్చాక జిరాక్సు షాపులో కూర్చున్నాడు. అందుకే చెబుతున్నా, చేతిలో ఒక జీతం ఉండాలి.

న్యూజెర్సీ ఎడిసన్ నుంచి శారద పిన్ని ఏదో అంది, నువ్వు ఉద్యోగం మానేశావని. నమ్మలేదనుకో. మానేస్తే ఆ ఉద్యోగం వీసా మీద అక్కడ ఉండటానికి గడువు 60 రోజులే కదా, నీకు తెలియదా ఏంటి.

1988లో క్లోజ్‌కి ఒళ్ళంతా పడిపోతే, బ్రష్‌ని చేతికి కట్టుకుని మళ్ళీ వేశాడు. నీకా అవసరం రాకూడదు, మణికట్టు నొప్పికి పట్టీ వేసుకో. రంగులు పలచన చేసే ఆ టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీ తెరువు, చలి వేస్తే స్వెట్టర్ వేసుకో కానీ మూయకు. రాత్రి పెరుగన్నమైనా తిను.

ఆదివారం ఫోన్ చెయ్. ఉద్యోగం సంగతి నేను అడగను, మీ అమ్మ అడుగుతుంది.

నాన్న