నాని వచ్చి 218 రోజులు

తణుకు,
18-1-2026

చి.సౌ. శిరీషకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీ క్షేమసమాచారాలు తెలియజేయాలి. అలవాటు కొద్దీ రాసిన మాట అనుకునేవు, నిజంగానే తెలియజేయాలి.

పండగ బాగా జరిగింది. భోగినాడు నాని తెల్లారగట్ల నాలుగింటికే లేచి, దొడ్లో ఉన్న పాత కిటికీ తలుపు తీసుకెళ్ళి మంటలో వేశాడు. అది పారెయ్యడానికి పెట్టింది కాదు, రంగు వేయించడానికి పెట్టింది. మీ అమ్మ చూసేసరికి సగం కాలింది. పోనీలే, మనవడు వేసిన భోగిమంట. అరిసెలకి ఈసారి పాకం ముదిరింది. మీ అమ్మ ఒప్పుకోదు, బియ్యం మంచివి కావంటుంది. వాడు మాత్రం ఆరు తిన్నాడు. వచ్చిన కొత్తలో పెరుగన్నంలో పంచదార అడిగినవాడు ఇప్పుడు ఊరమిరపకాయ కొరుకుతున్నాడు. మంట చెయ్యకుండా రాత్రి మజ్జిగ ఇస్తున్నాం, నువ్వేం బెంగపడకు.

ఈ ఉత్తరం వాట్సాప్‌లో ఫోటో తీసి పెట్టొచ్చు కదా అనుకుంటావు. పెడితే నాని చదివేస్తాడు. వాడికిప్పుడు నా గొలుసుకట్టు రాత కూడా వచ్చేసింది. అందుకని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు తపాలా ముద్రలు కొట్టిన చేతికి అదొక తృప్తి కూడాను.

నువ్వు డిసెంబరు 27న మాట్లాడావు. ఆ తర్వాత బొటనవేలు బొమ్మలు తప్ప మాట లేదు. పనుల ఒత్తిడి ఉంటుంది, కాదనను. చలి బాగా ఉందని టీవీలో చూపించారు. తన్వికి చెవులు మూసే టోపీ పెడుతున్నావా? దానికి చిన్నప్పటి నుంచీ చెవిపోటు. నీ మోచెయ్యి నొప్పి ఎలా ఉంది?

కనుమనాడు మీ సత్తిబాబాయి భోజనానికి వచ్చాడు. గారె నోట్లో పెట్టుకుంటూనే, "నానిగాడు వచ్చి ఆరు నెలలు దాటింది కదన్నయ్యా, వాడి గ్రీన్ కార్డు పోయినట్టేనటగా" అన్నాడు. నాని పక్కనే ఉన్నాడు. నేను మాట మార్చి పందెం కోడి సంగతి ఎత్తాను. బాబాయికి మాట మార్చితే సరిపోతుందా? ఇంకో సంగతి కూడా అన్నాడు, అది తర్వాత రాస్తాను.

నేను ఊరుకునే రకం కాదు కదా. ఎదురింటి కుర్రాడి చేత మీ ఇమ్మిగ్రేషన్ వాళ్ళ కాగితాలన్నీ ప్రింటు తీయించి, మూడు రోజులు కూర్చుని ఎర్ర పెన్నుతో గీతలు గీసుకుంటూ చదివాను. బాబాయి చెప్పింది తప్పు. ఆరు నెలలు దాటినంత మాత్రాన కార్డు పోదు. 180 రోజులు దాటి వెళ్తే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు ఎక్కువ అడగొచ్చు, అంతే. అసలు గడువు ఏడాది. ఏడాది బయట ఉండిపోతే ఆ కార్డు చూపించి లోపలికి పోవడానికి వీల్లేదు. ముందే రీఎంట్రీ పర్మిట్, అంటే మళ్ళీ లోపలికి రావడానికి అనుమతి పత్రం, తీసుకుని ఉంటే రెండేళ్ళ దాకా ఊపిరి ఉండేది. కానీ దానికి అమెరికాలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి. వాడు ఇక్కడికి వచ్చాక మనం చెయ్యగలిగింది లేదు. అప్పుడు నేనే గుర్తు చెయ్యాల్సింది. "ఒక్క ఏడాది నాన్నా, తెలుగు వస్తుంది, లెక్కలు గట్టిపడతాయి" అన్నావు, మనవడు వస్తున్నాడన్న సంబరంలో నేనేమీ అడగలేదు.

వాడు దిగింది జూన్ 14. ఇవాళ్టికి 218 రోజులు. డిసెంబరు 11కే 180 అయిపోయాయి. వచ్చే జూన్ 14 దాటితే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా అని వేరే గొడవ. తిరిగి వెళ్ళే ఉద్దేశంతోనే వచ్చాడనీ, ఆగిపోవడం మన చేతిలో లేని కారణం వల్ల జరిగిందనీ రుజువు చెయ్యాలి. కాలు విరిగిందంటే నమ్ముతారేమో. తాతగారింట్లో అరిసెలు తింటూ ఉండిపోయాడంటే నమ్ముతారా?

ఇంకోటి. ఏడాది లోపల ఒకసారి వెళ్ళి ముఖం చూపించి వచ్చేస్తే చాలని కొందరంటారు. అదీ తప్పే. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు చూసేది ఉద్దేశం. పిల్లవాడి ఉద్దేశం అంటే తల్లిదండ్రుల ఉద్దేశమే. మీరు వదులుకుంటే వాడూ వదులుకున్నట్టే లెక్కట, 1980లోనే ఒక కేసులో అలా తేల్చారు. అందుకని మీ ఇల్లు, మీ ఉద్యోగాలు, మీ పన్ను కాగితాలు, వాడి స్కూలు, అన్నీ అక్కడ ఉన్నట్టు కనపడాలి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి నీ కాలేజీ సీటు కౌన్సెలింగ్ సంగతి చెప్పాలి. నువ్వు చాలాసార్లు విన్నావు, అయినా ఒకటి నీకు చెప్పలేదు. 2002లో విజయవాడలో మన నంబరు వచ్చేసరికి సాయంత్రం అయిదు. బల్ల అవతల కూర్చున్నాయన నీ స్టడీ సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిరగేసి, తొమ్మిదో తరగతిది ఏదన్నాడు. లేదు. ఆరూ ఏడూ ఎనిమిదీ హైదరాబాదులో, వనజ పెద్దమ్మ దగ్గర. పదీ ఇంటరూ తణుకులో. వరసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివినట్టు చూపిస్తేనే ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాకి లోకల్, ఆ తొమ్మిది ఉంటేనే నాలుగూ నిండుతాయి. నూటికి 85 సీట్లు లోకల్ వాళ్ళకే. "రేపు పదింటిలోపు తెస్తే సరి, లేకపోతే నాన్ లోకల్‌లో చూసుకోండి" అన్నాడు. పుట్టి పెరిగిన జిల్లాకి నా కూతురు నాన్ లోకలా? నాకు కోపంతో మాట రాలేదు. నిన్ను అత్తయ్య దగ్గర వదిలి దొరికిన రైలెక్కాను.

ఆ తొమ్మిది చదివిన బడి అప్పటికే మూతపడింది. రాత్రి పదకొండింటికి హెడ్మాస్టరు గారి తలుపు కొట్టాను. ఆయన లుంగీ కట్టుకుని లాంతరు పట్టుకుని వచ్చారు, కరెంటు లేదు. రిజిస్టర్లు వాళ్ళింటి అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. దించి మూత తీస్తే అట్టలన్నీ మట్టి, చెదలు. ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కొక్క పేజీ విదిలించుకుంటూ వెతికాం. నీ పేరున్న వరసలో సగం చెద తినేసింది. 'శిరీ' దాకా ఉంది, 'ష' లేదు. ఇంటిపేరు లేదు. నా పేరు మాత్రం పక్క గడిలో నిక్షేపంగా ఉంది, అదే కాపాడింది. ఆయన చేత్తో సర్టిఫికెట్ రాశారు. సీలేమో పాత ప్యూను ఇంట్లో ఉంది. వాడు ఆ రాత్రి చెల్లెలి ఇంటికి పోయాడు, గోస్తనీ అవతలికి. సైకిలు మీద పోయి లేపి, సీలు తెచ్చి, స్టాంపు ప్యాడ్ ఎండిపోతే నీలం సిరా పోసి తడిపి, ముద్ర కొట్టించాను. తెల్లవారి మండల విద్యాధికారి గారు స్నానం నుంచి వస్తూంటే గుమ్మంలో పట్టుకుని సంతకం పెట్టించుకున్నాను. పది కొట్టడానికి అయిదు నిమిషాలుందనగా వచ్చాను. నువ్వు బెంచీ మీద నిద్రపోతున్నావు.

ఇంతవరకూ నీకు తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, ఆ రిజిస్టరులో నువ్వు చేరిన తేదీ పక్కన 'కారణం' అని ఒక గడి ఉంది. అందులో హెడ్మాస్టరు గారు 'ఇంటిమీద బెంగ' అని రాసుకున్నారు. ఆ రోజు మొదటిసారి చూశాను. హైదరాబాదు నుంచి మూడేళ్ళలో నువ్వు రాసిన ఇన్‌లాండ్ లెటర్ల మీద మన పోస్టాఫీసు ముద్ర నేనే కొట్టేవాణ్ణి. ప్రతిదాంట్లోనూ 'బాగున్నాను' అనే ఉండేది. ఇప్పుడు నీ బొటనవేలు బొమ్మలు చూస్తుంటే అవే గుర్తొస్తున్నాయి. నిన్ను అక్కడికి పంపింది నేనే. తణుకులో ఇంగ్లీషు మీడియం బాగాలేదని పంపాను. అంతకన్నా రాయను.

బాబాయి చెప్పిన రెండో సంగతి ఇది. వాళ్ళ తోడల్లుడి కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు కదా. మీరు ఇల్లు అమ్మకానికి పెట్టారనీ, అల్లుడుగారు రెండు నెలలుగా ఇంట్లోనే ఉంటున్నారనీ అతను అన్నాడట. అబద్ధమైతే నవ్వి పారెయ్యి. నిజమైతే, ఉద్యోగం పోయినంత మాత్రాన గ్రీన్ కార్డు పోదు, ఎవరూ మిమ్మల్ని పొమ్మనరు. అల్లుడుగారితో చెప్పు. నా పేరు మీద బ్యాంకులో ఉన్నది నాకూ మీ అమ్మకూ సరిపోగా మిగిలేదే, మొహమాటం వద్దు. అంతా వచ్చేద్దామనుకుంటున్నారా? అదీ చెప్పు. పై వాటా బాత్రూంలో నీళ్ళు కారుతున్నాయి, ముందుగా తెలిస్తే మేస్త్రీని పిలుస్తాను. అప్పుడు కార్డులు వదులుకునే ఫారం కూడా ఉందట, ఐ-407. ఎయిర్‌పోర్టులో ఎవరైనా దాని మీద సంతకం పెట్టమంటే కంగారుపడి పెట్టకూడదు. పెట్టను, జడ్జి దగ్గర చెప్పుకుంటానని అనే హక్కు ఉంది. నానికి ఇది నేర్పిస్తే భయపడతాడు, నువ్వు గుర్తుంచుకో.

రాకూడదనుకుంటే మటుకు లెక్క చూడు. మీకు కార్డులు వచ్చింది 2022లో. 2027కి అయిదేళ్ళు నిండుతాయి, అందులో ముప్ఫై నెలలు మీరు అక్కడే ఉండి ఉండాలి, ఉన్నారు. మీరు సిటిజన్లు అయిన రోజున 18 ఏళ్ళు నిండకుండా, కార్డుతో మీ ఇంట్లో మీ దగ్గర ఉంటే నాని కూడా ఆ రోజే సిటిజన్ అయిపోతాడు. 2001 నుంచి ఉన్న చట్టం అది. తణుకులో తాత దగ్గర ఉంటే కాడు. చిన్నదానికి ఏ బాధా లేదు, అక్కడే పుట్టింది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరికి ఒకళ్ళకి నీలం పాస్‌పోర్టు, ఇంకొకళ్ళకి ఈ లెక్కలు. ఫిబ్రవరిలో వాడికి 14 నిండుతాయి, ఆ వయసుకి కార్డు మళ్ళీ రాయించుకోవాలి. బయట ఉన్నవాళ్ళు తిరిగి అమెరికా వెళ్ళిన ముప్ఫై రోజుల్లోపు దరఖాస్తు పెడితే చాలు, మర్చిపోకు. పుట్టినరోజుకి వాడు క్రికెట్ కిట్ అడుగుతున్నాడు. కొంటాను. ప్యాడ్లు మాత్రం మోసుకుపోవద్దంటాను, బరువు.

వాడు వెళ్ళిపోవాలని నాకేం లేదు. పొద్దున్న వాకింగ్‌కి నాతో వస్తాడు, గోస్తనీ వంతెన మీద ఆగి చేపలు లెక్కపెడతాడు. మీ అమ్మ మోకాళ్ళకి నూనె రాస్తాడు. వాడు లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో నేను ఆలోచించడం లేదు.

నిన్న రాత్రి క్యాలెండరు మార్చాను. జూన్ నుంచి ప్రతి ఆదివారం ఎర్ర పెన్నుతో రోజుల లెక్క వేసుకుంటున్నానని మీ అమ్మకి కూడా చెప్పలేదు. పాతది చుట్ట చుడుతూ చూస్తే, ప్రతి గడిలో మూలకి పెన్సిల్‌తో చిన్న చుక్క ఉంది. ఒక్క రోజూ తప్పలేదు. అవి నేను పెట్టినవి కావు.

స్కూళ్ళు ఏప్రిల్ చివరికి అయిపోతాయి. మే రెండో వారంలో నువ్వు వచ్చి తీసుకెళ్తే అన్నిటికన్నా మంచిది. వారం, పదిరోజులు ఉండు, మరీ ఎక్కువ వద్దు. రాలేకపోతే ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఒంటరి పిల్లల్ని చూసుకునే పద్ధతి ఉందట, నీ అనుమతి పత్రం నోటరీ చేయించి పంపు, మిగతాది నేను చూసుకుంటాను. అటక మీద పెద్ద సూట్‌కేసు దించాను. జిప్పు పట్టేసింది, కొవ్వొత్తి రుద్దితే కదిలింది. ఆవకాయ మేలో పెడితే ఊరడానికి టైము చాలదు, కాబట్టి మీ అమ్మ ముందే మాగాయ మొదలెడతానంటోంది. నీకు ఏది పంపమంటావో ఫోను చేసి చెప్పు. బొమ్మ పెట్టకు.

ఇట్లు,
నాన్న