ఈ ఆదివారం గూఢచారి నవలపై చర్చ

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు శ్రీకాకుళంలో, ఎప్పటిలాగే మాస్టారి గారి డాబా మీద, ఉగ్రవాదులను వెంటాడే గూఢచారుల నవల గురించి మాట్లాడుకుందాం. తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయం ఉన్న ఊళ్లో ఇటువంటి పుస్తకమా అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు గానీ, చదివాక ఆ మాట అనరని నా నమ్మకం.

చదివేటప్పుడు ఒక విషయం గమనించండి. 1962, 1965 యుద్ధాల్లో సమాచార సేకరణ లోపాలు బయటపడ్డాక, ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచి విదేశీ విభాగాన్ని వేరుచేసి, 1968లో ఆర్.ఎన్. కావ్ సారథ్యంలో ‘రా’ అనే గూఢచార సంస్థను ఏర్పాటు చేశారు. విదేశాల్లో సమాచారం సేకరించడమే దాని ప్రధానమైన పని తప్ప, పోలీసులకు ఉన్నట్లు అరెస్టు చేసే అధికారం దానికి లేదు. ‘రా’ గూఢచారి అయిన మన కథానాయకుడు మాత్రం మూడో అధ్యాయంలోనే అరెస్టు చేయడానికి సంకెళ్లు బయటకు తీస్తాడు! ఆ పని చేయవలసినది పోలీసులు, లేదా 2008 ముంబయి దాడుల తర్వాత ఏర్పడిన జాతీయ దర్యాప్తు సంస్థ.

నాకు బాగా నచ్చినది సముద్రం మీద సాగే భాగం. ముంబయిపై దాడిచేసిన పదిమందీ ఒక చేపల పడవను చేజిక్కించుకునే వచ్చారు కనుక, కొత్త పడవను దూరం నుంచే పసిగట్టే మత్స్యకారుడి చూపు ఎంత విలువైనదో కళింగపట్నం, భావనపాడు వైపు బంధువులున్న మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటి పాత్రను రచయిత రెండు పేజీల్లో ముగించడం అన్యాయం.

మంత్రి పేషీలోని ద్రోహి ఎవరన్నది దయచేసి గ్రూపులో బయటపెట్టవద్దు. ఇంకా సగంలోనే ఉన్నవాళ్లు ముగ్గురున్నారు. నా దగ్గర రెండు ప్రతులున్నాయి, కావలసినవారు శనివారంలోగా తెలియజేయగలరు.