ఆషాఢంలో నాటి, ఆశ్వయుజం వానకు ఎదురుచూసే మొక్కలు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

మున్సిపల్ కమిషనర్ గారికి,

నమస్కారాలు. నెల్లూరు జిల్లాలో, హైవేకూ రైలు పట్టాలకూ మధ్య పెరుగుతున్న పట్టణం నుంచి రాస్తున్నాం. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీలకు రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

ఊరు అందంగా కనపడాలని సెంటర్‌లో రంగుల లైట్లు పెట్టించారు, ఊరి పేరు పెద్ద అక్షరాల్లో నిలబెట్టించారు. వద్దనడం లేదు. కానీ ఈ ఊరికి కోట లేదు, కొండ లేదు. ఉన్న అందమంతా పాత వీధుల్లోనే ఉంది. ఎండాకాలం తెల్లారేసరికి కానుగ చెట్టు కింద పూలు రాలి, బొరుగులు ఒలికినట్టు తారు కనపడకుండా పోతుంది. వేపచెట్టు నీడ జరిగేకొద్దీ టిఫిన్ బండీ, ఆటోలూ దాంతోపాటే జరుగుతాయి. మధ్యాహ్నం రెండింటికి మనిషి ఆగి నిలబడగలిగితే అదే అందమైన వీధి. కొత్త లేఅవుట్లలో అలాంటిది ఒక్కటీ తయారు కావడం లేదు.

మొక్కలు నాటడం లేదా అంటే, ఏటా జూలైలో నాటిస్తూనే ఉన్నారు. 1950లో వనమహోత్సవం మొదలైనప్పుడు పెట్టుకున్న నెల అది. నైరుతి వానలు బాగా పడే చోట సరైన నెలే. మనకు కాదు సార్. మన జిల్లాకు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. జూలైలో ఇక్కడ కొట్టేది పడమటి గాలి. పునర్వసు కార్తెలో నాటిన మొక్క చిత్త కార్తె వాన చూడాలంటే మూడు నెలలు ట్యాంకరు మీదే బతకాలి. ట్యాంకరు రెండు వారాలు వస్తుంది, ఆ తర్వాత రాదు. నెల్లూరు రైతు పెద్ద పంటకు నారు పోసేది ఈశాన్య వానను చూసుకునే. వరికి పనికొచ్చే లెక్క వేపమొక్కకు పనికిరాదా?

ఎండిపోయిన మొక్కను ఒకదాన్ని పట్టుకుని లాగి చూడండి. నల్ల ప్లాస్టిక్ సంచితో సహా చేతికి వచ్చేస్తుంది. సంచి చింపకుండానే పాతారు. వేళ్లు లోపలే చుట్టలు చుట్టుకుని ఉంటాయి, ఒక్క వేరు కూడా బయటి మట్టిని తాకి ఉండదు. గుంత అడుగు లోతు కూడా ఉండదు. పైగా రోడ్డు వార ఉండేది మట్టి కాదు, రోడ్డు వేసినప్పుడు మిగిలిన కంకర, గ్రావెల్, సిమెంటు పెళ్లలు. గుంత రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉండాలి. పెళ్లలు తగిలిన చోట మూడడుగులు. తీసిన చెత్తనే మళ్లీ అందులో పోయకండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, చెద పట్టకుండా అరకిలో వేపపిండి కలిపి నింపాలి. మొక్క ఐదారడుగుల ఎత్తుంటేనే మేకల నోటికి అందదు. ఊతానికి సర్వి కర్ర పాతి, మెత్తటి గోనె పట్టీతో వదులుగా కట్టాలి. ఇనుప తీగతో కడితే కాండం లావెక్కేకొద్దీ తీగ బెరడును కోసేస్తుంది.

నీళ్లు వదిలేటప్పుడు ట్యాంకరు పైపు ఒత్తిడి తగ్గించమని చెప్పండి. వేగంగా కొడితే వేళ్ల మీది మట్టి కొట్టుకుపోతుంది. చుట్టూ పాదు చేసి, జనవరి నుంచి వానలు పడేదాకా వారానికి రెండుసార్లు, మొక్కకు 20 లీటర్లు. రెండు వేసవులు ఇలా దాటిస్తే ఆ తర్వాత చాలావరకు దాని బతుకు అదే బతుకుతుంది. ఇంత ఖర్చు భరించలేమంటే 1000 మొక్కలకు బదులు 200 నాటండి. ఫొటోకు 1000 బాగుంటాయి, నీడకు బతికిన 200 చాలు. దయచేసి నాటే నెల మార్చండి.

కరెంటు తీగల కింద వేపలు నాటి, పెరిగాక ఒకవైపే కొమ్మలు నరికించడం ఆపండి. తీగలున్న వైపు దేవగన్నేరు, పారిజాతం. లేని వైపు వేప, కానుగ, పొగడ.

ఇక ఉన్న చెట్ల సంగతి. సీసీ డ్రైను కోసం జేసీబీ ఒకవైపు వేళ్లన్నీ తెంచేస్తుంది. మిగిలిన వైపు మొదలు దాకా పేవర్ బ్లాకులు బిగిస్తారు. నవంబరులో తుపాను గాలికి ఆ చెట్టు పడిపోతే, ముసలి చెట్టు కాబట్టి పడిందంటారు. వేళ్లు తెంచిందెవరు? చెట్టు నరకాలంటే అనుమతి కావాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) చెబుతోంది. వేళ్లు నరికినా చెట్టు నరికినట్టే కదా. ఢిల్లీ చెట్ల కేసులో 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్, చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమంది. మేమూ ఆ ఒక్క మీటరే అడుగుతున్నాం. చెట్టున్న చోట డ్రైనును రెండడుగులు వంచండి, అక్కడ జేసీబీతో కాకుండా పారలతో తవ్వించండి.

హస్త కార్తె సెప్టెంబరు 27 ప్రాంతంలో వస్తుంది. నెల ముందే గుంతలు తవ్వించి ఎండనివ్వండి. మొదటి గట్టి వాన పడ్డాక నాటించండి. ఈ ఒక్క ఏడాది అలా చేసి చూడండి సార్. ఏ వీధితో మొదలుపెడతారో చెబితే పాదులు మేమే చేస్తాం.

ఇట్లు,
పట్టణ వాసులు