ప్లాన్ పాస్ చేసే ముందు ఒక గుంత తవ్వించండి

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కోనసీమలో ఇళ్ల పనులు చేయించే సివిల్ సూపర్‌వైజర్‌ని. ప్లాన్ పాస్ చేసేటప్పుడు ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ (సెట్‌బ్యాక్) ఎంత, రోడ్డు వెడల్పు ఎంత అని టేపు పెట్టి మరీ చూస్తారు. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకాల్సిన నేల అసలు నీళ్లు తాగుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. ట్యాంకు పక్కన ఒక గుండ్రం గీసి సోక్ పిట్, అంటే ఇంకుడు గుంత, అని రాస్తే పనైపోతుంది. ఇసుక పర్రయినా, నల్లమట్టయినా అదే గుండ్రం, అవే మూడడుగుల సిమెంటు ఒరలు.

నల్లమట్టిలో ఆ గుంత మొదటి వానాకాలానికే నిండుతుంది. ఆ తర్వాత ఒక పైపు చడీచప్పుడు లేకుండా పంట బోదెలోకి వెళ్తుంది. పైపు వేసినవాళ్లను నేను తిట్టలేను. పండక్కి చుట్టాలు దిగిన రోజున లెట్రిన్ పొంగితే ఎవరైనా అదే చేస్తారు.

దీనికి పరీక్ష ఉంది. సెప్టిక్ ట్యాంకులకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 2470 ప్రమాణంలోనే రాసి ఉంది. సోక్ పిట్ ఎంత లోతుకు వెళ్తుందో అంత లోతున జానెడు వెడల్పు గుంత తీయాలి. గునపం దెబ్బకి బంకమట్టి గోడలు అలికినట్టు నున్నగా మూసుకుపోతాయి కాబట్టి వాటిని గీకి, రాలిన మట్టి తీసేసి, అడుగున రెండంగుళాలు ముతక ఇసుక పోయాలి. దాని మీద అడుగు ఎత్తున నీళ్లు నింపి రాత్రంతా వదిలేయాలి. తెల్లారాక నీటిని ఆరంగుళాలకు సరిచేసి, అరగంటలో ఎంత దిగిందో కొలవాలి. అంగుళం దిగడానికి పట్టిన నిమిషాలే ఆ నేల లెక్క. అరగంట దాటితే సోక్ పిట్ పనికిరాదు. గంట దాటితే అక్కడ నేలలోకి ఇంకించే ఆలోచనే మానుకోవాలి.

రాత్రంతా నాననివ్వమనడం చాదస్తం అనుకుంటారు చాలామంది. మే నెలలో నెర్రెలిచ్చిన రేగడిలో బిందెడు నీళ్లు పోస్తే చూస్తుండగానే మాయమవుతాయి. అది చూసి 'భలే ఇంకుతోందండీ' అని సంతకం పెట్టేస్తారు. నెర్రెలు తాగిన నీళ్లవి. మట్టి నాని ఉబ్బితే అదే గుంతలో నీళ్లు కదలవు.

లెక్క కూడా చెప్తాను. అంగుళం దిగడానికి పట్టిన నిమిషాల వర్గమూలంతో 204ను భాగిస్తే చదరపు మీటరు నేల రోజుకు ఎన్ని లీటర్లు తాగుతుందో వస్తుంది. 25 నిమిషాలు పట్టే నేలలో అది దాదాపు 41 లీటర్లు. అయిదుగురున్న ఇంట్లో రోజుకు 500 లీటర్లు వస్తే 12 చదరపు మీటర్లు కావాలి. మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతున్న గుంత గోడలన్నీ కలిపినా రెండున్నర. మనం వేస్తున్నది ఒక్క గుంత.

ఇసుక నేలలో బాధ వేరు. నీళ్లు ఇట్టే దిగిపోతాయి, వడకట్టే టైమే ఉండదు. పక్కనే తాగునీటికి వేసిన ఫిల్టర్ పాయింటు బోరు. తాగునీటి బావికీ సోక్ పిట్‌కీ మధ్య 18 మీటర్లు ఉండాలంటుంది ప్రమాణం. చదరంగా ఉన్న మూడు సెంట్ల స్థలంలో మూల నుంచి మూలకి కొలిచినా 16 మీటర్లు రాదు.

నేను కోరేది ఇది. లేఅవుట్లకు ప్లాట్లు అమ్మకముందే ఈ పరీక్ష చేయించండి, ఖర్చు లేఅవుట్ వేసినవాళ్లే పెట్టుకోవాలి. వరిచేలో, చేపల చెరువులో గ్రావెల్ తోలి మెరక చేసిన చోట పైమట్టిలో గుంత తీసి చూపిస్తే ఒప్పుకోవద్దు, కింది అసలు నేల దాకా దిగాలి. విడి ఇళ్లకైతే గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్లు చాలు. ఒక గునపం, బకెట్టు, స్కేలు, గడియారం ఉంటే పని జరుగుతుంది. పరీక్ష వానాకాలంలో జరగాలి, కాగితం మీద తేదీతో పాటు ఆ రోజు భూగర్భ నీటిమట్టం కూడా రాయాలి. నీళ్లు ఆరడుగుల లోపే తగిలే ఊళ్లు మా డెల్టాలో బోలెడు. అలాంటి చోట సోక్ పిట్ గీసిన ప్లాన్‌ను తిప్పి పంపండి. ట్యాంకు తర్వాత నేల పైన కట్టే ఫిల్టరో, నాలుగు వీధులకు కలిపి ఒక శుద్ధి ఏర్పాటో చూపించమనండి. ఒక్కో ఇంటివాడు ఇది మోయలేడు కాబట్టి, ఆ ఊళ్ల వరకు పంచాయతీ నిధుల్లోంచి ఇవ్వడానికి ఉత్తర్వు కావాలి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక సివిల్ సూపర్‌వైజర్